సత్తువ తగ్గిన పెద్దవాళ్ళకు ఏ వైద్యం చేయించాలి, ఏది వద్దనుకోవాలి: ఇంట్లోవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

"ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటారా డాక్టర్ గారూ?"

వార్డులో నేను దాదాపు రోజూ వినే ప్రశ్న ఇది. అడిగేవాళ్ళ చేతిలో అప్పటికే సంతకం పెట్టాల్సిన కాగితం ఉంటుంది. ఫోన్‌లో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న తమ్ముడు లైన్‌లో ఉంటాడు. తొందరగా తేల్చమని నర్సు రెండోసారి వచ్చి చెబుతుంది.

అడగడంలో తప్పు లేదు. కానీ అది సగం ప్రశ్నే. ఆపరేషన్ టేబుల్ మీద నుంచి ప్రాణంతో దిగడం ఒక సంగతి. దిగాక తన కాళ్ళ మీద బాత్రూమ్‌కు వెళ్ళగలదా, మనవరాలిని గుర్తుపడుతుందా, తన ఇంట్లో తన మంచం మీద పడుకుంటుందా అన్నది రెండో సంగతి. ఆ రెండో సగం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. నేను ఎంబీబీఎస్ మూడో ఏడాదిలో ఉండగా మా నాయనమ్మకు న్యుమోనియా వచ్చింది. అప్పటికే రెండేళ్ళుగా ఆవిడ మంచానికే పరిమితం, మమ్మల్ని గుర్తుపట్టడం కూడా తగ్గిపోయింది. ఒక పెద్ద ఆసుపత్రిలో పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. గొట్టాలు పీకేసుకుంటోందని రెండు చేతుల్నీ గాజుగుడ్డతో మంచం కడ్డీకి కట్టారు. ఆవిడ గాజులు తీసి ప్లాస్టిక్ కవర్లో వేసి, పేరు రాసిన స్టిక్కర్ అంటించి నా చేతికిచ్చారు. వాళ్ళు తప్పు వైద్యం చేశారని నేను అనను. మేమే ఏమీ అడగలేదు, వాళ్ళూ ఏమీ చెప్పలేదు. ఆ కవర్ పట్టుకుని కారిడార్‌లో నిలబడినప్పుడు నాకు తెలియని విషయాలన్నీ కింద రాస్తున్నాను. అమ్మానాన్నలకు కాస్త ఓపిక ఉన్నప్పుడే చదువుకుంటే ఎక్కువ ఉపయోగం.

1. రెండు వారాల కిందట ఎలా ఉన్నారో రాసుకోండి

ఆసుపత్రి మంచం మీద అందరూ నీరసంగానే కనిపిస్తారు. జ్వరంతో మూలుగుతున్న మనిషిని చూసి "ఇక అయిపోయింది" అనుకోకూడదు. అలాగని కంగారులో "మొన్నటిదాకా శుభ్రంగా ఉన్నారండీ" అని చెప్పేసినా డాక్టరు దారి తప్పుతాడు. అందుకే జబ్బు చేయడానికి రెండు వారాల ముందు మనిషి ఎలా ఉన్నాడో సరిగ్గా చెప్పగలగాలి.

ఇందులో వయసు కంటే సత్తువ ముఖ్యం. 84 ఏళ్ళకు తెల్లవారుజామునే పొలం గట్టు మీద నడిచొచ్చేవాళ్ళు ఉన్నారు, షుగరూ పక్షవాతమూ కలిసి 67కే మంచాన పడినవాళ్ళూ ఉన్నారు. ఒంట్లో దన్ను తగ్గిపోయి, చిన్న జబ్బుకే మనిషి కూలబడే స్థితిని డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. గట్టి మనిషికి జ్వరం వస్తే మూడు రోజుల్లో లేచి తిరుగుతాడు. దన్ను తగ్గిన మనిషికి అదే జ్వరంతో నడక పోతుంది, మాట తడబడుతుంది, జ్వరం తగ్గాక కూడా మునుపటిలా కావడం కష్టం.

దీన్ని కొలవడానికి కెనడాలోని డాల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ రాక్‌వుడ్ బృందం 2005లో ఒక స్కేలు ప్రచురించింది. దాని పేరు క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్. మొదట 7 మెట్లు ఉండేవి, తర్వాత 9 చేశారు. మన ఇళ్ళ భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది. 1 నుంచి 3 దాకా ఎవరి పని వాళ్ళు హాయిగా చేసుకునేవాళ్ళు. 4వ మెట్టులో ఒకరి మీద ఆధారపడరు గానీ, అన్నిటికీ ఆయాసం, "ఓపిక లేదురా" అంటుంటారు. 5లో బ్యాంకు పని, బజారు, వంట లాంటివాటికి సాయం కావాలి. 6లో స్నానానికి, మెట్లు ఎక్కడానికి మనిషి ఉండాలి. 7లో తిండి, బట్టలు, దొడ్డికి వెళ్ళడం అన్నిటికీ ఇంకొకరే దిక్కు. 8లో చిన్న జబ్బు వచ్చినా తిరిగి కోలుకోలేరు. 9వది ఆరు నెలలకు మించి బతకడం కష్టమనిపించే జబ్బు ఉన్నవాళ్ళకు. మతిమరుపు జబ్బు ఉంటే అది తేలికగా ఉన్నప్పుడు 5, మధ్యస్థంగా ఉంటే 6, ముదిరితే 7గా లెక్కేస్తారు. పుట్టుకతోనో యాక్సిడెంట్ వల్లనో వైకల్యం ఉన్న చిన్న వయసువాళ్ళకు ఈ స్కేలు వాడకూడదు.

ఇంట్లో చేయగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. నేల మీద 4 మీటర్లు కొలిచి, ఎప్పుడూ నడిచేటట్టే నడవమనండి. 5 సెకన్లు దాటితే నడక మందగించినట్టే. ఏడాదిలో ప్రయత్నించకుండానే నాలుగైదు కిలోలు తగ్గారా, మూత గట్టిగా తిప్పలేకపోతున్నారా, పండగకు పక్క వీధికి కూడా రానంటున్నారా, ఇవీ గమనించండి.

అన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు చేతికి ఆ కాగితం ఇస్తే మీ మాటకు విలువ పెరుగుతుంది. మెట్టు 3లో ఉన్న 85 ఏళ్ళ మనిషికి "ముసలాయన కదా" అని మంచి వైద్యం ఆపేసే ప్రమాదం కూడా ఈ కాగితంతోనే తప్పుతుంది.

2. ఒక్కసారిగా వచ్చిన మార్పును ముసలితనం ఖాతాలో వేయకండి

ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. రెండు రాత్రులుగా ఎప్పుడో పోయిన అన్నయ్యతో మాట్లాడుతున్నాడు, దుప్పటి పీకుతున్నాడు, కూతురిని ఎవరు నువ్వు అంటున్నాడు. ఘడియలు దగ్గరపడ్డాయని బంధువులకు ఫోన్లు కూడా వెళ్ళిపోయాయి. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే బండలా ఉంది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన మనిషికి జలుబని క్లోర్‌ఫెనిరమిన్ మాత్రలు వేశారు, మూత్రం బిగుసుకుపోయింది. గొట్టం వేసి మూత్రం తీసేశాం. మర్నాడు సాయంత్రానికి కాఫీలో చక్కెర చాల్లేదని కూతుర్ని కసిరాడు.

గంటల్లో, రోజుల్లో వచ్చే ఇలాంటి అయోమయాన్ని డెలీరియం అంటారు. మతిమరుపు జబ్బు నెలలూ సంవత్సరాల మీద వస్తుంది, ఇది ఉన్నట్టుండి వచ్చి పూట పూటకూ మారుతుంటుంది. కొందరు అరవరు, గొడవ చేయరు, మగతగా పడి ఉంటారు. అదీ డెలీరియమే, దాన్నే ఎక్కువగా పట్టించుకోరు. దీని వెనక సోడియం పడిపోవడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నాలుగు రోజుల మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలైన మాత్ర, ఎవరూ గమనించని నొప్పి ఉంటాయి. గుండెపోటు కూడా ఛాతీనొప్పి లేకుండా ఇలా కనిపించవచ్చు. చాలావరకు సరిచేయగలిగినవే.

అందుకే "ఇక వద్దులెండి" అనే ముందు "ఇందులో సరిచేయగలిగింది ఏదైనా ఉందా?" అని అడగండి. సోడియం, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పేది), షుగరు, రక్తపు లెక్క, మూత్ర పరీక్ష, ఈసీజీ. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ డెలీరియం రాకుండా చూడటంలో ఇంటి మనిషి చేతిలో ఉన్నది చాలా ఉంది. కళ్ళజోడు, వినికిడి మిషను, కట్టుడు పళ్ళు ఇంట్లో మర్చిపోకండి. పగలు కిటికీ తెరవండి, రాత్రి లైటు తగ్గించమనండి. రోజూ ఒకే మనిషి పక్కన ఉంటే మంచిది. "ఇవాళ మంగళవారం అత్తయ్యా, మనం ఆసుపత్రిలో ఉన్నాం, రేపు బావగారు వస్తున్నారు" అని మెల్లగా చెబుతుండాలి. డాక్టరు సరేనంటే కుర్చీలో కూర్చోబెట్టండి, నాలుగు అడుగులు వేయించండి. పడుకుని ఉన్న ప్రతి రోజూ కండ కరుగుతుంది. అవసరం తీరిపోయిన మూత్రం గొట్టం, సెలైన్ సూది తీసేయమని అడగడానికి మొహమాటపడకండి.

3. మందుల సంచి బల్ల మీద బోర్లించండి

కొత్త వైద్యం సంగతి తర్వాత. ముందు ఇప్పటికే జరుగుతున్న వైద్యం చూడండి. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళ సంచిలో పదీ పన్నెండు రకాల స్ట్రిప్పులు మామూలు. పేర్లు వేరు, లోపల మందు ఒకటే అయినవి రెండు ఉంటాయి. గుండె డాక్టరు రాసింది, షుగరు డాక్టరు రాసింది, ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చింది, పక్కింటావిడకు పనిచేసిందని తెచ్చుకున్నది, అన్నీ ఒకే సంచి.

ఒక గొలుసు ఎలా మొదలవుతుందో చూడండి. బీపీకి ఆమ్లోడిపిన్ ఇస్తారు. దానివల్ల పాదాలు వాస్తాయి. వాపు చూసి ఇంకొకరు మూత్రం ఎక్కువయ్యే మాత్ర రాస్తారు. రాత్రి మూడుసార్లు లేవాల్సి వస్తుంది, నిద్ర పట్టదు. నిద్రకు అల్ప్రజోలం మొదలవుతుంది. మూడోసారి లేచినప్పుడు తూలి బాత్రూమ్ గడప దగ్గర పడి తుంటి ఎముక విరుగుతుంది. ఎక్స్‌రేలో విరిగిన ఎముక కనిపిస్తుంది గానీ, అందుకు కారణమైన మాత్ర కనిపించదు.

పెద్దవాళ్ళకు జాగ్రత్తగా వాడాల్సిన మందుల జాబితాను 1991లో మార్క్ బీర్స్ అనే వైద్యుడు మొదలుపెట్టారు. అమెరికా జెరియాట్రిక్స్ సొసైటీ దాన్ని బీర్స్ క్రైటీరియా పేరుతో సవరిస్తూ వస్తోంది, 2023లోనూ కొత్త జాబితా ఇచ్చింది. మన ఇళ్ళలో తరచూ దొరికేవి: నిద్రమాత్రలు, మత్తు కలిగించే జలుబు మాత్రలు, షుగరుకు వాడే గ్లైబెన్‌క్లమైడ్, ఒళ్ళునొప్పులకు రోజుల తరబడి వేసే డైక్లోఫెనాక్. షుగరు మాత్ర షుగరును ఉన్నట్టుండి దించేస్తుంది. నొప్పి మాత్ర కిడ్నీనీ కడుపునూ దెబ్బతీస్తుంది.

డాక్టరుతో ఒక్కో స్ట్రిప్పూ చూపించి ఇలా అడగండి: "ఇది దేనికి? దీనివల్ల మేలు ఎప్పటికి కనిపిస్తుంది? ఆపితే ఏమవుతుంది?" పదేళ్ళ తర్వాత మేలు చేసే మాత్ర, ఏడాదో రెండేళ్ళో బతికే మనిషికి బరువే. ఒక్క హెచ్చరిక. నిద్రమాత్రలు, గుండె మాత్రలు, ఫిట్స్ మాత్రలు, స్టెరాయిడ్లు మీకు మీరుగా ఒక్కసారిగా ఆపకండి. మెల్లగా తగ్గించాలి.

షుగరు, బీపీ అంకెల మీద పట్టుదల కూడా తగ్గించాలి. సత్తువ తగ్గిన పెద్దవాళ్ళకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష) 8 దగ్గర ఉన్నా సరిపోతుంది. దాన్ని 6.5కి తేవాలని మాత్రలు పెంచితే తెల్లవారుజామున చెమటలు పట్టి స్పృహ తప్పుతారు. బీపీని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడమనండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతుంటే ఆ మనిషి లేచినప్పుడల్లా పడే ప్రమాదం ఉన్నట్టే.

4. ముందు పెద్దవాళ్ళనే అడగండి

"అమ్మకు మాత్రం చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేదు." ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. కానీ నేను చూసినంతలో చాలామంది పెద్దవాళ్ళకు సంగతి తెలుస్తూనే ఉంటుంది. పిల్లలు బాధపడతారని వాళ్ళు నోరెత్తరు, వాళ్ళు బాధపడతారని పిల్లలు ఎత్తరు. మధ్యలో ఆవిడ ఒంటి మీద జరగాల్సిన దాని గురించి అందరూ మాట్లాడతారు, ఆవిడ తప్ప.

ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు కనుక్కోండి. "అమ్మా, డాక్టరు చెప్పినవన్నీ నీకు చెప్పమంటావా, అన్నయ్యకు చెబితే చాలంటావా?" వద్దు, వాడే చూసుకుంటాడు అంటే అదీ ఆవిడ నిర్ణయమే, గౌరవించండి. చెప్పమంటే సూటిగా, మెల్లగా చెప్పండి.

చావు మాట ఎత్తకుండానే అసలు సంగతి రాబట్టవచ్చు. మా వార్డులో నేను అడిగే మాటలు ఇవి:

"రోజులో మీకు దేనికోసం లేవాలనిపిస్తుంది పెద్దమ్మా?"

"మీ ఈడువాళ్ళు ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే చూసొచ్చారా? అలా నాకొద్దు బాబూ అనిపించిందా?"

"ఇంకొన్నాళ్ళు ఎక్కువ ఉండటానికి నొప్పి, ఆసుపత్రి అన్నీ భరిస్తానంటారా, ఉన్నన్నాళ్ళు ఇంట్లో ఉండాలంటారా?"

"మీరు మాట్లాడలేని స్థితి వస్తే మీ తరఫున ఎవరు మాట్లాడాలి?"

ఈ రెండో ప్రశ్నకు అద్భుతమైన జవాబులు వస్తాయి. ఒకావిడ తన తోడికోడలి సంగతి చెప్పి, "ముక్కులో గొట్టం పెట్టి మూడు నెలలు ఉంచారు. నాకు ఆవకాయ నాలిక్కి తగలని బతుకు వద్దు" అంది. కొడుకు పక్కనే ఉన్నాడు. ఏడాది తర్వాత ఆ మాటే అతనికి దారి చూపించింది.

"మీ ఇష్టం నాయనా, మీరేం చేస్తే అది" అన్న జవాబు కూడా వస్తుంది. అది విని ఊరుకోకండి. చాలాసార్లు దాని వెనక "డబ్బు ఖర్చు పెట్టించడం నాకిష్టం లేదు" అన్న బెంగ ఉంటుంది. ఖర్చు సంగతి పక్కన పెట్టి చెప్పమని ఇంకోసారి, ఇంకో రోజు, ఇంట్లో వేరే ఎవరూ లేనప్పుడు అడగండి. చెవుడు ఉంటే కుడిచెవో ఎడమచెవో బాగా వినపడే వైపు కూర్చోండి. మతిమరుపు ఉన్నా కాస్త తేటగా ఉండే పూట ఉంటుంది, తరచుగా అది ఉదయమే. పెద్ద నిర్ణయం అర్థం కాకపోయినా, ఇంటికెళ్ళాలని ఉందా, నొప్పిగా ఉందా అన్నవాటికి వాళ్ళ జవాబు లెక్కలోకి తీసుకోవాల్సిందే.

5. డాక్టర్ని మూడు కథలు చెప్పమనండి

"చాన్స్ ఎంత?" అంటే "ఫిఫ్టీ ఫిఫ్టీ, గ్యారంటీ ఇవ్వలేం" అంటారు. ఆ జవాబుతో ఏం చేయాలో ఎవరికీ తెలియదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో గ్రెచెన్ ష్వార్జ్ అనే సర్జన్ బృందం దీనికి ఒక పద్ధతి తయారుచేసింది. అన్నీ బాగా జరిగితే ఏమవుతుంది, అన్నీ ఎదురు తిరిగితే ఏమవుతుంది, ఈ మనిషికి ఎక్కువగా జరిగేది ఏది అని డాక్టరు మూడు కథల్లా చెప్పాలి. ఆపరేషన్ చేస్తే మూడు కథలు, చేయకపోతే మూడు కథలు.

మీరే అడగండి: "సార్, బాగా జరిగితే మూడు నెలల తర్వాత మా నాన్నగారి రోజు ఎలా ఉంటుంది? ఎవరు స్నానం చేయించాలి? బాగా జరగకపోతే ఎలా ఉంటుంది? మీ అనుభవంలో ఈ స్థితిలో ఉన్నవాళ్ళకు ఎక్కువగా ఏది జరుగుతుంది?" చివర్లో "ఈ ఆపరేషన్ చేయకపోతే ఆయనకు నొప్పి లేకుండా ఏం చేస్తారు?" అని అడగడం మర్చిపోకండి. ఏమీ చేయం అన్నది జవాబు కాదు. మందులు, ఆక్సిజన్, నొప్పి తగ్గించడం ఎప్పుడూ ఉంటాయి.

కారిడార్‌లో నిలబడి కాకుండా కూర్చుని మాట్లాడే సమయం ఇవ్వమని అడగండి. ఇద్దరు వెళ్ళండి, ఒకరు రాసుకోవాలి.

6. తరచుగా ఎదురయ్యే నిర్ణయాలు

తుంటి ఎముక విరిగితే. ఇక్కడ చాలామంది అనుకునేదానికి నా సలహా వేరుగా ఉంటుంది. "ఈ వయసులో కోయించడం ఎందుకు, కట్టు కట్టి పడుకోబెడదాం" అంటారు. తుంటి విరిగిన మనిషికి కట్టు కట్టి ఇంట్లో పడుకోబెడితే, పక్క మార్చిన ప్రతిసారీ, బట్ట మార్చిన ప్రతిసారీ ప్రాణం పోయేంత నొప్పి. వారం తిరగకముందే పిరుదుల మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము. అందుకని మళ్ళీ నడుస్తారన్న ఆశ పెద్దగా లేకపోయినా, నొప్పి తగ్గించడానికే ఆపరేషన్ చేయించడం చాలామందికి మంచిది. వీలైతే 48 గంటల్లోపే చేయాలి. ఫిట్‌నెస్ పేరుతో నాలుగైదు రోజులు పరీక్షల కోసం ఆపుతుంటే "ఈ పరీక్ష వల్ల మీ నిర్ణయం మారుతుందా?" అని అడగండి. ఆలోపు నొప్పికి తొడ దగ్గర నరానికి ఇచ్చే మత్తు ఇంజెక్షన్ అడగండి. అయితే ఫ్రాక్చర్‌కు ముందే 7, 8 మెట్ల మీద ఉండి, జీవితం చివరికొచ్చిన మనిషి సంగతి వేరు. వాళ్ళకు ఆపరేషన్ లేకుండా, నొప్పికి గట్టి మందులతో, ప్రశాంతంగా చూసుకోవడమూ సరైన వైద్యమే. నెదర్లాండ్స్‌లో నర్సింగ్ హోముల్లో ఉండే అలాంటి పెద్దవాళ్ళ మీద చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ వద్దనుకున్నవాళ్ళలో ఎక్కువమంది కొద్ది వారాల్లోనే పోయారు, కానీ ఉన్న ఆ రోజుల నాణ్యత ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ కంటే తీసిపోలేదు.

ఐసీయూ, వెంటిలేటర్. ఎక్కించాలా వద్దా అని రెండే దారులు ఉన్నట్టు మాట్లాడతారు. మూడోది ఉంది: గడువు పెట్టి చూడటం. "మూడు నుంచి ఐదు రోజులు పూర్తి వైద్యం చేద్దాం సార్. ఈ లోపు ఏం మెరుగైతే ఆశ ఉన్నట్టు? ఏ రోజున మనం మళ్ళీ కూర్చుందాం?" అని తేదీతో సహా మాట్లాడుకోండి. న్యుమోనియా లాంటి తగ్గే జబ్బు, 4, 5 మెట్ల మీది మనిషి అయితే ఇది న్యాయమైన ప్రయత్నం. గడువు లేకుండా ఎక్కిస్తే, దించే నిర్ణయం ఎవరి నెత్తిన పడాలో తెలియక రోజులు గడిచిపోతాయి. మాకు జరిగింది అదే.

గుండె ఆగితే ఛాతీ మీద నొక్కాలా? సీపీఆర్ అంటే సినిమాలో చూపించినట్టు ఉండదు. ఎముకలు గుల్లబారిన ఛాతీలో పక్కటెముకలు విరుగుతాయి, గుండె కొట్టుకున్నా చాలామంది వెంటిలేటర్ మీదికే వెళ్తారు. జబ్బు ముదిరి, సత్తువ పూర్తిగా పోయిన మనిషికి ఇది పనిచేసే అవకాశం బాగా తక్కువ. భారత వైద్య పరిశోధన మండలి 2020లో దీనిమీద మార్గదర్శకాలు ఇచ్చింది. సీపీఆర్ వద్దనుకోవడం అంటే మిగతా వైద్యం ఆపమనడం కాదు. యాంటీబయోటిక్, ఆక్సిజన్, నొప్పి మందు అన్నీ సాగుతాయి. ఈ మాట కేస్‌షీట్‌లో రాయించండి.

ముక్కు గొట్టం. పక్షవాతం వచ్చిన కొత్తలో మింగలేకపోతే కొన్ని వారాలు గొట్టం ద్వారా ఇవ్వడం సబబే. మతిమరుపు జబ్బు బాగా ముదిరి తినడం మానేసిన మనిషికి మాత్రం గొట్టం వేసినా ఆయుష్షు పెరగదు, పొరబోవడమూ ఆగదు. పీకేసుకుంటున్నారని చేతులు కట్టేయాల్సి వస్తుంది. వాళ్ళకు చేతితో తినిపించడమే మేలు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో మెత్తగా కలిపిన పెరుగన్నమో రాగిజావో ఒక్కో ముద్ద మింగాకే ఇంకో ముద్ద. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి. రెండు ముద్దలే తిన్నారా, ఆ రెండే చాలు. "అన్నం పెట్టకుండా చంపుతామా" అన్న బాధ నాకు అర్థమవుతుంది. తినకపోవడం వల్ల జబ్బు ముదరడం లేదు, జబ్బు ముదరడం వల్లే ఆకలి పోతోంది.

డయాలసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, పైన ప్రయాణం. 4వ మెట్టు దాకా ఉన్నవాళ్ళు చాలామంది తట్టుకుంటారు. 5, ఆపై మెట్లలోకి జారినవాళ్ళు మొదలుపెట్టాక ఉన్న కాస్త ఓపిక కూడా పోయే అవకాశం ఎక్కువ. డయాలసిస్ లేకుండా మందులతో ఆయాసం, దురద, వాపు అదుపు చేసే పద్ధతి కూడా ఉంది, కిడ్నీ డాక్టర్ని అడగండి. కావాలంటే కొన్ని వారాలు చేయించి చూసి ఆపేయవచ్చు.

7. ఇంట్లోవాళ్ళ మధ్య

అందరి తరఫున డాక్టరుతో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. పెద్ద కొడుకే కావాలని లేదు. రోజూ స్నానం చేయించి, మందులిచ్చే కోడలికో కూతురికో తెలిసినంత మిగతావాళ్ళకు తెలియదు. ఆవిడను గది బయట నిలబెట్టి లోపల మగవాళ్ళు నిర్ణయం తీసుకోవడం నేను చాలాసార్లు చూశాను. దయచేసి అలా చేయకండి.

విదేశాల్లో ఉన్న పిల్లలకు అపరాధభావం ఎక్కువ, అందుకే "ఎంతైనా ఫర్వాలేదు, అన్నీ చేయించండి" అంటారు. వాళ్ళతో వాదించే బదులు వీడియో కాల్‌లో డాక్టరు ముందు కూర్చోబెట్టండి, 1వ భాగంలో చెప్పినట్టు రాసుకున్న కాగితం ఫొటో పంపండి. ఆ మనిషి ఆర్నెల్లుగా ఎలా ఉన్నాడో వాళ్ళు చూడలేదు, అంతే.

డబ్బు మాట సిగ్గుపడకుండా మాట్లాడండి. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్ళు నిండినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చుకు. ఆసుపత్రి అందులో ఉందో లేదో చేరేముందే కనుక్కోండి. పొలం అమ్మి చేయించే వైద్యం మీ అమ్మగారు కోరుకునేదేనా అన్నది ఆవిడ బాగున్నప్పుడే అడగాల్సిన మాట.

8. కాగితం మీద పెట్టండి

నోరు తెరిచి చెప్పలేని స్థితి వస్తే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే పత్రాన్ని లివింగ్ విల్ అంటారు. మన దేశంలో అది చెల్లుతుంది. కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు 2018 మార్చి 9న దాన్ని గుర్తించింది. అప్పట్లో మేజిస్ట్రేట్ సంతకం కావాలన్న నిబంధన వల్ల దాదాపు ఎవరూ రాయలేకపోయారు. 2023 జనవరి 24న కోర్టు దాన్ని సులభం చేసింది. ఇప్పుడు పద్ధతి ఇది: తెలివిగా ఉన్న వయోజనులు తమంతట తాము రాయాలి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టాలి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరించాలి. తాము చెప్పలేని స్థితిలో నిర్ణయం తీసుకునేవాళ్ళ పేర్లు అందులో ఉండాలి, ఒకరికంటే ఎక్కువమందినీ రాయవచ్చు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు.

అమలు చేసేటప్పుడు ఆసుపత్రిలో ఒక డాక్టర్ల బోర్డు, జిల్లా వైద్యాధికారి పంపే డాక్టరుతో రెండో బోర్డు చూడాలి. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. విల్ రాయని మనిషి విషయంలో కూడా కుటుంబం ఒప్పుకుంటే ఇదే దారి ఉంది. కాబట్టి "వెంటిలేటర్ తీయడం చట్టం ఒప్పుకోదు" అని ఎవరైనా అంటే, ఒప్పుకుంటుంది, పద్ధతి ప్రకారం చేయమని మర్యాదగా చెప్పండి. సంతకం పెట్టి మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం అని రాసిచ్చి, దారిలో ఆయాసంతో కొట్టుకునే మనిషిని అంబులెన్సులో ఇంటికి తెచ్చుకోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

9. ఇంట్లో చూసుకోవాలనుకుంటే

వైద్యం తగ్గించుకున్నాక మనిషిని వదిలేసినట్టు కాకూడదు. పాలియేటివ్ కేర్ అంటే నొప్పి, ఆయాసం, నిద్రలేమి, పుండ్లు, బెంగ వీటన్నిటినీ పట్టించుకునే వైద్యం. క్యాన్సర్ ఒక్కదానికే కాదు, గుండె, కిడ్నీ, మతిమరుపు జబ్బులకూ ఉంటుంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది, తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లోనూ పాలియేటివ్ కేంద్రాలు మొదలయ్యాయి. మార్ఫిన్ పేరు వినగానే భయపడకండి. సరైన మోతాదులో నొప్పికీ ఆయాసానికీ అంతకంటే మంచి మందు తక్కువ. 2014లో చట్టం సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ఇది దొరకడం సులువైంది. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనం మందు కూడా మొదలుపెట్టాలి.

డిశ్చార్జికి ముందే సిద్ధం చేసుకోండి: గాలి పరుపు, బెడ్‌పాన్, రాత్రి పూట ఎవరు ఉంటారు, ఆయాసం పెరిగితే ఏ మందు ఎంత, ఎవరికి ఫోన్ చేయాలి. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. సాయానికి, సలహాకు పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 ఉంది. చూసుకునే మనిషికి వారంలో ఒక పూటైనా సెలవు ఇవ్వండి, లేకపోతే రెండో పేషెంటు ఆవిడే అవుతుంది.

10. నిర్ణయాన్ని మళ్ళీ చూడండి

ఒకసారి అనుకున్నదే చివరిది కాదు. ఆసుపత్రి నుంచి వచ్చాక, పడ్డాక, జీవిత భాగస్వామి పోయాక, లేదా ఆర్నెల్లకొకసారి మళ్ళీ 4 మీటర్లు నడిపించండి, మళ్ళీ అడగండి. మెట్టు మారితే కోరికా మారవచ్చు. అప్పుడు వద్దన్నావిడే మనవరాలి పెళ్ళిదాకా ఉండాలని మందులు అడగవచ్చు. అప్పుడు ఇవ్వాలి.

మొదటి భాగంలో చెప్పిన కాగితం, మందుల జాబితా, ఆవిడ చెప్పిన మాటలు రాసినది, లివింగ్ విల్ నకలు, మాట్లాడే మనిషి ఫోన్ నంబరు, ఈ ఐదూ ఒక పారదర్శక కవర్లో పెట్టి మందుల సంచి ముందు జేబులో ఉంచండి. బీరువాలో తాళం వేసి పెట్టకండి. అంబులెన్సు అర్ధరాత్రి వస్తుంది, అప్పుడు ఇంట్లో ఉండేది చాలాసార్లు పక్కింటి కుర్రాడు మాత్రమే.